ఊక బస్తాలు

నరసాపురం రేవులో మూడు రోజుల షూటింగు.
మనిషికి ఐదొందలు, మధ్యాహ్నం సాంబారన్నం.
లంకలోంచి నలభై మందిమి
పొద్దున్నే మొదటి పంటు దిగాం.
మేస్త్రి అదే మేస్త్రి, జిత్తుక నాగభూషణం.
నిజం మీటింగులకీ వాడే లారీ ఎక్కించేవాడు.
అప్పుడు మూడొందలు, ఒక బిర్యానీ పొట్లం, మెళ్లో కండువా.
ఇక్కడా కండువా ఇచ్చారు,
ఏ పార్టీదీ కాని రంగు. ఉతికితే పోతుందట.

స్టేజి మీద హీరో. ఎమ్మెల్యే వేషం.
ఏటిగట్టు డబ్బు తిన్నాడు, గండి పడింది,
ఊరు మునిగింది, పేపర్లో వచ్చేసింది.
ఇప్పుడు జనం ముందు ఒప్పుకోవాలి.
"తప్పు నాది. నా ఒక్కడిది."
అనగానే మేం నోళ్లు మూసుకోవాలి. అదీ మా వేషం.
డైరెక్టరు కుర్రాడు ఏ మెట్టవాడో,
గోదార్ని సముద్రం అంటున్నాడు.

ఒకటో టేకులో పంటు కూత వేసింది.
రెండోదాంట్లో మా పైడమ్మ ఈల వేసింది, అలవాటున.
మూడోదానికి హీరోగారి కన్నీళ్లు ఎండకి ఎండిపోయాయి.
మిగతా మూడూ ఎందుకు పోయాయో మాకు చెప్పలేదు.

నీడ కోసం వెతుక్కుంటూ
గుట్టగా పేర్చిన ఇసక బస్తాల మీద కూర్చోబోయాను.
దిగిపోయింది బస్తా.
పట్టుకుంటే ఒంటి చేత్తో లేచింది.
లోపల ఊక.
"కెమెరాకి బరువు తెలీదు పిన్నిగారూ" అన్నాడు
కాపలా ఉన్న కుర్రాడు.

నాకు తెలుసు నాయనా.
ఆరేళ్ల కిందట, వరదలో
మా గట్టు అడుగున బుడగలు కక్కుతుంటే
ట్రాక్టరు లైట్ల వెలుగులో
నింపింది మేమే, మూతి కుట్టింది మేమే.
నాలుగు వేల బస్తాలు.
నిద్ర ఆపుకోడానికి లెక్కపెట్టాను.
మస్టరులో నలభై వేలు.
అక్షరాలు రావు గానీ అంకెలు వచ్చు నాకు,
సున్నా ఎక్కడ దూరిందో చూశాను.
చూసే, ఏడు పేర్ల కింద
ఏడు వేళ్లతో ముద్రలు వేశాను.
వేలికి వంద.
ఆ పేర్లలో ఒకటి మా అత్తది,
అప్పటికి చచ్చిపోయి నాలుగేళ్లు.

వీర్రాఘవులు గారు చెడ్డాయన అనడానికి
నాకు నోరు రాదండి.
మా ఆయన్ని పాము కరిచినప్పుడు
అర్ధరాత్రి పంటు కట్టు విప్పించి,
తన కారిచ్చి, భీమవరం ఆసుపత్రికి
తెల్లారేదాకా ఫోన్లు చేస్తూనే ఉన్నాడు.
మా ఆయన బతికాడు.
గండి పడ్డ రాత్రి కొబ్బరి చెట్టెక్కిన
మా ఆడపడుచు కొడుకు బతకలేదు.
విజిలెన్సు వాళ్లొచ్చి అడిగితే
కొంగు తల మీదకి లాక్కుని
"ఆడోళ్లం, మాకేం తెలుస్తాయండీ" అన్నాను.

ఆయన ఏ స్టేజీ ఎక్కి ఏదీ ఒప్పుకోలేదు.
బెయిలొచ్చిన రోజు నాగభూషణం లారీ తెచ్చాడు.
వెళ్లాం. బంతిపూలు చల్లాం.

ఏడో టేకు.
ఎండ వాలింది. అవతల సఖినేటిపల్లి మసకేసింది.
హీరో ఈసారి బాగా చేశాడు, ఒట్టు.
గొంతు విరగాల్సిన చోట కాకుండా
ఒక మాట ముందే విరిగింది.
"తప్పు నాది. నా ఒక్కడిది."

నలభై మందిమి గప్‌చుప్.
నా వేళ్లు ముడుచుకుని కొంగులో దాచాను.
నోరే దాగలేదు.
"ఒక్కడివే ఎలా మోశావు బాబూ?"

కట్ అన్నారు.
తిడతాడనుకున్నాను, పరిగెత్తుకొచ్చాడు డైరెక్టరు.
"భలే ఉందమ్మా! మళ్లీ అను,
కాస్త ఇటు తిరిగి."

అన్నాను. ఇంకో మూడు సార్లు అన్నాను.
అన్నకొద్దీ తేలికైపోయింది మాట,
ఆఖర్న ఒంటి చేత్తో లేచేంత.

డైలాగు చెప్పినందుకు ఇంకో వెయ్యి.
రిజిస్టరులో సంతకం పెట్టమన్నారు.
రాదంటే ఇంకు పెట్టె తెప్పించారు.
ఏ వేలు బాబూ, అనడిగాను.
ఏదైనా పర్లేదన్నాడు.

ఆఖరి పంటు కూత వేస్తోంది.
పదీ చూసుకుంటున్నాను.