గుండీలు

శుక్రారం నాడు క్యాంపుకొచ్చింది షారోను,
సోహార్ దవాఖానల నర్సు మరియమ్మ బిడ్డె,
డిగ్రీ రెండో సంవత్సరం.
చేతుల మిఠాయి లేదు, పంచేటి దుప్పట్లు లేవు.
రేకు డబ్బల ఇరవై ఉక్కు గుండీలు.
"కాలరు కింద పెట్టుకోండి అంకుల్,
పది నిమిషాలకోసారి వేడిని రాసుకుంటుంది."

మావోళ్లు నవ్విండ్రు.
ఎండల మాడేటోణ్ణి ఇడిసిపెట్టి
గుండీనడుగుతదట, అన్నడు దుబ్బరాజం.

నాది కోరుట్ల దిక్కు. బస్సు నడుపుత.
పదకొండేండ్ల సంది క్యాంపు నుంచి పోర్టుకు, పోర్టు నుంచి క్యాంపుకు.
నాకొచ్చిన లెక్క ఒక్కటే:
ఎక్కినోళ్లెందరు, దిగినోళ్లెందరు.

ఆమె ముందే అనుకొని వచ్చింది,
పొద్దు నడినెత్తి మీదున్నప్పుడే పానం తీస్తదని,
పగటీలి పని బందును ఇంకో గంట పెంచుమని అడగాలని.
జవాబు కాగితం మీద తయారుగుంది.
ప్రశ్నే ఇంకా పుట్టలే.

ఆరు వారాలైనంక
ల్యాప్‌టాప్ నా ముంగట పెట్టింది.
గీత పగటీలి ఎక్కింది, దిగింది.
మళ్ల ఐదింటికి లేసింది,
పగటీలి కన్న ఎత్తు.
"ఐదు నుంచి ఆరు దాకా వీళ్లెక్కడుంటారు, అంకుల్?"

కడుపుల కలుక్కుమన్నది.
నా బస్సుల.

ఏసీ చెడిపోయి రెండెండకాలాలు.
కిటికీలు తెరుసుకోవు.
నా సీటు కాడ మాత్రం
నా పైసలతోని కొనుక్కున్న చిన్న ఫ్యాను.

నన్నొక్క మాట అనలే.
మూడు రోజులు ఎనక సీట్ల కూసొని వచ్చింది,
తన కాలరుకో గుండీ పెట్టుకొని.
మూడోనాడు కక్కుకున్నది.
నోరు కడుక్కొని, టైమెంతయిందని అడిగి
నోటుబుక్కుల రాసుకున్నది.

ఇరవైల పందొమ్మిదే వాపసొచ్చినయ్.
లచ్చయ్య తల్లి సచ్చిపోతే రాత్రికి రాత్రి ఇమానమెక్కిండు,
గుండీ అంగీకే ఉండె.
ఆ వరుస తీసేస్తే పట్టిక సక్కగుంటదన్నడట జత పిలగాడు.
బద్రియా మేడం ఒప్పుకోలే:
లేనోణ్ణి లేడనే రాయుండ్రి,
వరుస మాత్రం ఉండనియ్యుండ్రి.

కాలేజి హాలుకు కంపెనీ పెద్దలొచ్చిండ్రు.
మావోళ్లను తోలుకపోయింది నేనే, తలుపు కాడ నిలవడ్డ.
మేనేజరు లేసి అడిగిండు:
"అయితే మా బస్సులన్నీ ఇట్లనే ఉన్నయంటవా?"

అవునను బిడ్డా, అనుకున్న లోపట.
పందొమ్మిది మంది ఊపిరి పట్టుకున్నరు.

"తెలీదు సార్," అన్నది.
"నేను చూసింది ఒక్క బస్సు. పందొమ్మిది మందిని.
మిగతావాటి తాళాలు మీ దగ్గరున్నాయి.
నన్ను ఎక్కనివ్వండి, చూసి చెప్తాను."

మైకు పట్టుకున్నోళ్లను మస్తు మందిని సూసిన.
జీపుల మీద, గద్దెల మీద, పందిళ్ల కింద.
'తెలీదు' అన్నోణ్ణి ఒక్కణ్ణి సూడలే.
ఆ మాట అన్నంక ఆ పిల్ల తల దించలే,
మేనేజరే దించిండు.

గొప్పగేం కాలే.
పదిహేను రోజులకు నా బస్సు ఏసీ బాగయింది.
నా ఒక్కదాందే.
తతిమ్మా పదకొండు బస్సులకు
ఇంక కాగితాలు తిరుగుతున్నయ్.
ఆమె పరీక్షలల్ల పడ్డది,
వచ్చే ఎండకాలానికి ఇద్దరు జూనియర్లను తోలిస్తనన్నది.
గుండీల డబ్బ నా కాడ్నే ఉంది.

నిన్న రాత్రి పదకొండింటికి
దుబ్బరాజం తలుపు కొట్టిండు, బనీను తడిసి ముద్దయి.
"అన్నా, బస్సు సరే.
రూముల పండుకున్నప్పుడు సంగతేంది?
ఒకటి మంచం పట్టెకు కడితే?
పై మంచానికొకటి, కింద మంచానికొకటి.
రెండు ఒక్క తీరుగుంటయా?"

ఏమో, అన్న.
డబ్బ మూత తీసిన.