దొంగ జవాబు

సోహార్‌లో రాత్రి రెండు.
ఇన్‌స్టిట్యూట్ ల్యాబులో ఏసీది ఒకటే గురక.
ముప్పై రెండు కంప్యూటర్లు, పొట్టలో ఏమీ లేదు,
పొద్దున ఎనిమిదికి పిల్లలొస్తారు.

ఒక్కోదానికి పెన్‌డ్రైవ్ గుచ్చి కూచుంటే
రంజాన్ నెల కూడా దాటిపోతుంది.
అందుకే స్క్రాపులో పారేయబోయిన పాత డబ్బాని
సర్వరు చేశాను. పక్క రేకు లేదు,
ఫ్యాను తిరగడం కంటికి కనిపిస్తుంది.

లెక్క చిన్నదే:
మిషను కళ్లు తెరవగానే తీగలోకి కేకేస్తుంది,
నేనెవర్ని? నా నంబరెంత?
విన్నవాడు నంబరిచ్చి,
ఫలానా చోట మూట ఉంది, పోయి తెచ్చుకో అంటాడు.
ఆ విన్నవాడు నా డబ్బా కావాలి.

కాలేదు.
నంబరైతే అందింది,
మూట జాడే ఎవరూ చెప్పలేదు.
నల్లటి తెర మీద తెల్ల గీత
ఆగి, ఆగి, ఆరిపోయింది.
ఫైలు పేరు చూశాను, చుక్కలు చూశాను, గీతలు చూశాను.
నాకంటే ముందు ఇంకెవరో పలుకుతున్నారు.

తీగ పట్టుకుని నడిచాను.
గోడ వెంట, కారిడార్ వెంట,
మురాద్ బలూచీ కునికే కుర్చీ కింద నుంచి
టీ గదిలోకి. చక్కెర డబ్బాల వెనక
రెండు పచ్చ దీపాల చిన్న రౌటరు.

పక్కనే నేల మీద లస్మన్న,
ఫోను మొఖానికి ఆనించుకొని.
"సారూ, జర ఆగు. ఈనుతున్నది."

కోరుట్ల అవతల కొట్టం, గుడ్డి బల్బు, బర్రె.
రెండు గిట్టలు బయటికొచ్చి ఉన్నాయి.
అక్కడ మూడున్నర.
"లచ్చవ్వా, గుంజకు, అదే వస్తది" అని
ఇక్కణ్ణుంచి ఈయన.

నా వేలు తీగ మీదే ఉంది.
క్లిప్పు నొక్కితే చాలు,
ముప్పై రెండూ నా మాట వింటాయి.
చక్కెర సంచి మీద కూచున్నాను.

దూడ పడింది. లేవలేదు.
బొమ్మ గడ్డకట్టింది.
మళ్లీ కదిలేసరికి
లచ్చవ్వ దాని ముక్కులో గడ్డిపరక పెట్టి తిప్పుతోంది.
తుమ్మింది.

లస్మన్నే తీగ పీకి నా చేతిలో పెట్టాడు.
"మేనేజరుకు చెప్పకు సారూ."

మీటలు నొక్కుకుంటూ పోయాను.
ఒకటి, నాలుగు, పదకొండు,
తెరలు నీలమయ్యాయి, శాతాలు పాకాయి.
పదిహేడోది మాత్రం ఇంకా అడుగుతూనే ఉంది.
దాని కార్డు చచ్చింది, పొద్దున చూడాలి.

లస్మన్న టీ తెచ్చాడు. చక్కెర ఎక్కువేశాడు.
"పెయ్యదూడ" అన్నాడు.
నలభై రెండు శాతం, అన్నాను నేను.