పన్నెండు

నయీంనగర్ల స్కానింగ్ రూం.
కడుపు మీద సల్లటి జెల్లు.
బిడ్డ మెదడుల నీళ్ల అర్రలుంటయట.
పది మిల్లీమీటర్లు దాటొద్దట.
పన్నెండున్నయి.

"సూద్దాం, మూడు వారాలకు మళ్ల రాండ్రి"
అనుకుంట కాయితం మడిచింది డాక్టరమ్మ.

కొత్తవాడల జంపఖానలు నేసేటోళ్లం.
రెండు మిల్లీమీటర్లంటే మాకు
పోగుకూ పోగుకూ నడుమ సందు.
గంత సందు కనబడితే
మా ఆయిన పంజా తీస్కొని
ఒక్కటి గుద్దుతడు, కూసుంటది.

నీళ్లను గుద్దుడెట్ల?

రాత్రి దీపం తీసినంక
అర్ర పెరిగితే గోడ పల్సనైతదా అనడిగిండు.
నేను పలుకలే.
ఆయిన చెయ్యి గుంజి
తన్నేకాడ పెట్టిన.

పొద్దుగాల మొగ్గం మీద
నీలి అంచుది సగమే ఉన్నది.
ఇంకా మూడు వారాల పని.