పది తెత్రీలు

మా లిఫ్టుకు ఆకలెక్కువ.
పది తెత్రీల నాణెం నోట్లో వేస్తేనే పైకి మోస్తుంది,
లేదంటే ఉలకదు, పలకదు.

తిబిలీసీ శివారులో, ఈ పెచ్చులూడిన మేడలో
ఎనిమిదో అంతస్తు జుజునా
ఇన్నేళ్ళలో దానికి ఒక్క నాణెమూ తినిపించలేదు.
రొట్టె కావాలంటే తాడు కట్టి బుట్ట దించుతుంది.
అందులో నోటు, నోటు ఎగిరిపోకుండా ఓ అక్రోటుకాయ.
కింద కొట్టు వాఖ్తాంగ్
అక్రోటుతో సహా చిల్లర లెక్కపెట్టి పంపుతాడు.

చిక్కుళ్ళు కడిగిన నీళ్ళు బాల్కనీలో రెహాన్ మొక్కకి.
స్వెట్టరు చిరిగితే మేజోళ్ళు,
మేజోళ్ళు చిరిగితే
బుట్ట పిడికి చుట్టిన ఊలు.
"పర్యావరణమా? అంత పేరెందుకు పిల్లా,
మా ఇంట్లో దాన్ని
పారెయ్యకపోవడం అంటాం."

ఒకసారి జామ్ సీసా చూపించింది,
మూతి దాకా పది తెత్రీలే.
ఎక్కని ప్రతి లిఫ్టుకూ ఒకటి.
ఎందుకివన్నీ అన్నాను.
"మోకాళ్ళు ఒద్దన్న రోజుకి."

నిన్న సాయంత్రం
మూడో అంతస్తులో నేను ఉల్లిపాయ కోస్తుంటే
గోడ అవతల నాణెం పడిన చప్పుడు.
ఇనుప తాడు మూలుగుతూ మా అంతస్తు దాటింది.
ఐదు, ఆరు, ఏడు...
ఎనిమిదిలో ఆగింది.
కత్తి పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

పొద్దున్నే నా కిటికీ ముందు నుంచి
బుట్ట దిగుతోంది, ఎప్పటిలాగే.
చెయ్యి చాపి ఆపి
అక్రోటు పక్కన ఓ పది తెత్రీలు పెట్టబోయాను.

పైనుంచి తాడు చటుక్కున గుంజింది.
"నీ మోకాళ్ళకి దాచుకో!"