మూడో రోజు

బ్యాంకు వాళ్లు చెక్కు తిప్పి పంపారు.
సంతకం కలవలేదట.
ఇరవై రెండేళ్లుగా తంబుచెట్టి వీధిలో
ఓడ సరుకుల కాగితాల మీద నేను పెట్టే సంతకం,
చివర 'క్షి' కింద ఒక చిన్న తోక.
ఆ తోక దగ్గరే వేలు వంగనంది.

ఉదయం పూట వేళ్లు నావి కావు.
పేస్టు నొక్కడానికి రెండు చేతులు.
కాఫీ గ్లాసు కణుపులకి వెచ్చగా ఉంటుందని
చల్లారేదాకా పట్టుకుని కూచునేదాన్ని.

వయసు మేడమ్ అన్నాడు జయశీలన్,
నలభై ఆరంటే ఇంజను పాతదే.
వాతం అంది ఆడపడుచు, వంకాయ మానెయ్యమంది.
నేను వంకాయ ముట్టి పదేళ్లయింది.
అన్నానగర్‌లో ఒక ల్యాబు రక్తం తీసుకుని
ముప్పై ఏడు పదార్థాల పట్టీ ఇచ్చింది, ఎర్రసిరాలో.
అందులోనూ వంకాయ ఉంది.
నేనెన్నడూ చూడని చేప కూడా ఒకటి.

డాక్టర్ ఎళిలరసి ఆ కాగితం మడిచి పక్కన పెట్టింది.
"రక్తం ఇలా చాడీలు చెప్పదమ్మా.
ఇది కీళ్లవాపు, మందు మాత్రం ఆపకండి.
తిండి కూడా ఎగదోస్తోందేమో తెలియాలంటే
ఒకటి మానండి, రాయండి. మళ్లీ తినండి, రాయండి.
ఇవాళ తిన్నది కొన్నిసార్లు ఇవాళే అరవదు."

అది నాకు అర్థమైంది. మా రేవులోనూ అంతే.
గేటు దగ్గర సీలు చూసి, నవ్వి, పోనిస్తారు కంటెయినర్ని.
మూడో రోజు ఎవడో గోడౌను తలుపు తీసి
ఇదెవరిదని కేకలేస్తాడు.
అప్పటికి లారీ వెళ్లిపోయింది,
పోనిచ్చినవాడు సెలవులో ఉన్నాడు,
నిలబడి చీవాట్లు తినేది పక్కనున్న ప్యూను.
నా వేళ్లు ఆ ప్యూన్లు.

పాత ఆఫీసు డైరీలో ఖాళీ పేజీలు వెతికి రాశాను.
గోధుమ మానిన నెల ఏమీ మారలేదు.
పల్లీ మానిన నెల ఒళ్లంతా దద్దుర్లు, అవి దోమలు.
'పాలు, పెరుగు' అని రాసిన రోజు
పెన్నుకి మూత పెట్టి చాలాసేపు కూచున్నాను.

పెరుగు లేకపోతే భోజనం అవదు, ఆగిపోతుంది.
చారన్నం అయ్యాక చెయ్యి కంచం మీదే ఉంటుంది,
ఇంకా ఎవరో రావాలన్నట్టు.
అయిదు వారాలు అలా ఎండిన చేత్తో లేచాను.
ఆరో వారం పెరంబూరు బస్సులో
పై కడ్డీ పట్టుకున్నాను.
పట్టుకున్న సంగతి బేసిన్ బ్రిడ్జి దాటాక తెలిసింది.

ఆదివారం తిన్నాను.
రెండు గరిటెల గడ్డపెరుగు, మాగాయ టెంక.
కళ్లు చెమర్చితే కారమని చెప్పాను.
సోమవారం ఏమీ లేదు,
గుప్పిట మూస్తూ తెరుస్తూ ఆఫీసంతా తిరిగాను.
మంగళవారం తెల్లవారుజామున నాలుగింటికి
ఉంగరం వేలు నన్ను లేపింది.

రాశాను. దాని కిందే ఇదీ రాశాను:
నిన్న రాత్రి వాన, కరెంటు లేదు, నిద్ర లేదు.
డాక్టరు ఆ రెండు వాక్యాల మధ్య ప్రశ్నార్థకం పెట్టి
ఇంకోసారి చూద్దాం అంది.
చూస్తూనే ఉన్నాం.

ఇంట్లో మిగతావాళ్లకి పెరుగు కావాలి కదా.
రాత్రి పాలు కాచి దించి
చిటికెన వేలు ముంచి చూస్తాను,
వేడి సరిపోయిందా అని,
వేలు వంగుతోందా అని.
చెంచాడు తోడు వేసి మూత పెడతాను.
తెల్లారేసరికి ఏవి గట్టిపడతాయో,
పాలో, వేళ్లో.