గోరంత

మూడు వారాలు రేడియో పెంచుతూ వచ్చాను.
ముందు కుడి చక్రం దగ్గర
పలక మీద బలపం జారినట్టు ఒక కీచు.
షెఫీల్డ్‌లో వాన పడని రోజేది,
తడికేలే, ఆరితే పోతుందిలే అనుకున్నా.
ఆరింది. పోలేదు.
రేడియో ఇంకో రెండు గీతలు పెంచాను.

నా పని ఇళ్ళకెళ్ళి మోకాళ్ళు వంచడం,
తుంటి మార్పించుకున్నవాళ్ళని మెట్టు మెట్టూ దించడం.
"నొప్పి అబద్ధమాడదు, దాని మాట వినండి" అని
రోజుకి పదిమందికి చెప్తాను.
చెప్పి, కారెక్కి, రేడియో పెడతాను.

వాక్లీలో ఒక వీధి, మంగళవారం, స్కూలు వదిలే వేళ.
నిచ్చెనకి తారు పోసినట్టుంటుంది ఆ దిగుడు.
కింద పచ్చకోటావిడ గుండ్రటి పలక ఎత్తి
పిల్లల్ని దాటిస్తోంది.
తొక్కాను. బండి ఆగింది,
ఆగాల్సిన గీత మీద కాదు, మూరెడు అవతల.
కాలిన వాసన.
ఆమె నన్ను తిట్టలేదు.
నా మొహం కూడా చూడలేదు. చక్రం వైపు చూసింది.

వకుళ అంటే నోరు తిరగక
వాక్యూమ్ అంటుంది మోరీన్.
ఆ గరాజు వాళ్ళ నాన్నది, ముప్పయ్యేళ్ళుగా ఆమెది.
చక్రం ఊడదీసి, బ్రేకు ప్యాడ్ నా అరచేతిలో పెట్టింది.
గోరంత మిగిలింది.
నేను రోజూ దిగేది కొండంత.

"చేతులు రుద్దు" అంది. రుద్దాను.
"వేడెక్కాయా? అంతే.
బండి పరుగుని వేడి చేసి గాలికొదిలేస్తుంది బ్రేకు.
ఇంకే మాయా లేదు.
నీ కాలు తొక్కేది కాస్తే.
ఇంజను గాలి పీల్చేసిన డబ్బా ఒకటుంది,
దాని ఖాళీయే నీ కాలికి సాయం పడుతుంది.
ఆ ఖాళీ పేరేంటో తెలుసా?" కన్ను గీటింది.
నా పేరు తప్పు పలికితే
నచ్చడం అదే మొదటిసారి.

సన్నటి గొట్టాల్లో ద్రవం చూపించింది,
డికాషన్ రంగుకి తిరిగిపోయింది.
"దీనికి దాహమెక్కువ. గాలిలో తేమని గుట్టుగా తాగేస్తుంది.
పెద్ద దిగుడులో ఆ నీళ్ళు మరిగి ఆవిరవుతాయి.
ద్రవం నలగదు, ఆవిరి నలుగుతుంది.
అప్పుడు నువ్వు తొక్కేది బ్రేకుని కాదు, దిండుని.
రెండేళ్ళకోసారి మార్పించమంటే
బిల్లు కోసం చెప్తున్నాననుకుంటారు."

"మరి ఆ కీచు?"
"అది రోగం కాదు, కావాలని పెట్టిన చిన్న రేకు.
ప్యాడ్ అరిగి తన దాకా వస్తే
డిస్కుని గీకి అరుస్తుంది. అరవడానికే పుట్టింది.
నీకు వినపడలేదా?"
నేను మాట్లాడలేదు.
ఆమె లోపలికి వంగి తాళం తిప్పింది.
రేడియో ఎంత గట్టిగా మొత్తుకుందంటే
బల్ల కింద పడుకున్న పిల్లి వీధిలో తేలింది.

రెండోవైపు నాచేతే మార్పించింది.
"ఒకవైపే మారిస్తే బండి కుంటుతుంది."
ఇది నా మాట కదా, రోజుకి పదిసార్లు నేననేది!
చలికాలం రోడ్డుకి చల్లిన ఉప్పు
కాలిపర్ పిన్నుల్ని తినేసింది.
తుడిచి, కీలుకి రాసినట్టు పల్చగా గ్రీజు రాశాను.
"కదిలేముందు నాలుగుసార్లు తొక్కు.
మొదటిది నేలదాకా పోతుంది, బెదిరిపోకు.
కొత్త ప్యాడ్‌లు, వారం రోజులు మెల్లగా ఆపు,
ఒకదాన్నొకటి అలవాటు పడనీ."

మర్నాడు ఆలరెన్‌షా గారు
నొప్పేం లేదమ్మా అంటూ మూడో మెట్టు మీద ఊపిరి బిగబట్టారు.
ఇంకో మెట్టు దింపలేదు. కూర్చోబెట్టి, కాలు ముట్టుకుని
ఊరికే ఉన్నాను, ఆయనే చెప్పేదాకా.

సాయంత్రం ఆ దిగుడు రెండో గేరులో దిగాను,
రేడియో లేకుండా.
గీతకి ముందే ఆగాను.
ఏమీ వినపడలేదు.
పిల్లలందరూ దాటిపోయినా, పచ్చకోటావిడ పలక దించినా
ఆ ఏమీ వినపడకపోవడాన్ని ఇంకా వింటూ ఉంటే
వెనక బండివాడు హారన్ కొట్టాడు.