రెండో ఫిర్యాదు

నలభైమూడేళ్లు పియానోలు శ్రుతి చేసినవాణ్ణి.
కుతైసిలో ఏ ఇంటి పియానో ఏ మెట్టు దగ్గర అబద్ధమాడుతుందో
గుమ్మం బయటినుంచే చెప్పేవాణ్ణి.
ఇప్పుడు గుమ్మం లోపల
త్సియూరి మూడుసార్లు పిలిస్తే
మూడోది సగం వినపడుతుంది.

నాలుగు నెలల పింఛను పోసి కొన్నాం,
చిక్కుడు గింజంత యంత్రం.
పెట్టె మీద నవ్వుతున్న ముసలాయన బొమ్మ.
ఆయన చెవిలో ఏం మోగుతోందో గాని
నా చెవిలో మొదటిరోజు నుంచే ఈల.
సన్నగా, తెంపు లేకుండా,
నిషాదానికి వెంట్రుకవాసి కిందుగా.
నిషాదమే అయితే భరించేవాణ్ణి.
ఆ వెంట్రుకే నన్ను నిద్రపోనివ్వలేదు.

ఫోన్ చేశాను.
ఒకటి నొక్కమంది. నొక్కాను.
నాలుగు నొక్కమంది. నొక్కాను.
మీ కాల్ మాకెంతో విలువైనదంది.
నిజమే, విలువైనదాన్ని మేమూ అలాగే దాస్తాం:
ద్రాక్షరసం కుండకెత్తి, కుండని మట్టిలో పాతి
వసంతం దాకా మూత తీయం.

తర్వాత పాట.
పన్నెండు సెకన్ల ముక్క, అదే, మళ్లీ అదే,
మూడో స్వరం దగ్గర ప్రతిసారీ కుంటుతూ.

చివరికొక అమ్మాయి. తమ్తా అట పేరు.
"యంత్రం మీది సీరియల్ నంబరు చదవండి, అయ్యా."
చదవాలంటే చెవిలోంచి తీయాలి.
తీశాను. భూతద్దం పెట్టి పదకొండూ చదివాను.
ఆమె ఏమందో వినపడలేదు.
పెట్టుకున్నాను. "మళ్లీ ఒకసారి," అంటోంది.
తీశాను. చదివాను. పెట్టుకున్నాను.
"ఏడు తర్వాత సున్నానా, అక్షరమా?"
తీశాను.
చెవిటివాడి ముందు శంఖం ఊదడం అందరూ ఎరిగినదే.
ఆ చెవిటివాణ్ణే శంఖం నంబరు చదవమనడం
ఇక్కడే చూశాను.

"మీరుగాని దాని మర ముట్టుకున్నారా?"
ముట్టుకున్నాను మరి.
గడియారాలు బాగుచేసేవాడి దగ్గర స్క్రూడ్రైవరు అడిగి తెచ్చి
పావు తిప్పు, అంతకన్నా తక్కువే.
శ్రుతి తప్పింది ఎదురుగా ఉంటే
చేయి ఊరుకుంటుందా, తల్లీ?
నా చేతికి అబద్ధం రాదు.
ఆ పూట నోటికైనా వచ్చి ఉండాల్సింది.
"అయితే వారంటీ వర్తించదండీ," అంది,
మెల్లగా, తానే ఏదో పగలగొట్టినట్టు.

అరిచాను.
ఏమని అరిచానో నాకే సరిగ్గా వినపడలేదు.
త్సియూరి పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది కాబట్టి
గట్టిగానే అరిచి ఉంటాను.

కోపం దిగేచోట ఒక మాట జారింది:
"పోనీ, మీ ఫోనులో మోగే ఆ పాటన్నా శ్రుతి చేయించండి.
మూడో స్వరం కుంటుతోంది.
రోజుకి ఎన్ని వందల చెవుల్లో పోస్తున్నారో దాన్ని!"
కాసేపు టకటక. టైపు చేస్తోంది.
"రెండో ఫిర్యాదుగా నమోదు చేశానయ్యా."
నవ్విందేమో.
ఫోనులో నవ్వుకీ ఈలకీ తేడా
నాకిప్పుడు తెలియడం లేదు.

తొమ్మిదో రోజు మెసేజ్.
మొదటి ఫిర్యాదు: తిరస్కరించబడినది.
రెండో ఫిర్యాదు: పరిష్కరించబడినది.

త్సియూరికి చదివి వినిపిస్తే
నవ్వాలో తిట్టాలో తేలక రొట్టెలు మాడ్చింది.

నేను నమ్మక మళ్లీ ఫోన్ చేశాను.
ఒకటి నొక్కాను. నాలుగు నొక్కాను.
విలువైన కాల్‌ని మట్టిలోకి దించారు.
ఈసారి పాట లేదు.
ఏమీ లేదు.
ఈల ఒక్కటే, ఎప్పటిలా,
వెంట్రుకవాసి కిందే.

శ్రుతి చేయడం రాక పాటనే పీకేశారో,
లైనే తెగిందో,
రిసీవరు ఇంకాస్త అదిమిపట్టి నిలబడ్డాను.
కిటికీలో రియోని నది, దాని మీద వాన,
రెంటికీ చప్పుడు లేదు.
త్సియూరి గుమ్మంలోంచి, ఎవరని కళ్లతో అడిగింది.
ఉండమని వేలెత్తాను.